ఒక్క మాట మీదికి ఎట్లా వచ్చారు? - కార్మిక చిత్రాలపై కొన్ని ఆలోచనలు

మేడే సందర్భంగా కార్మికుల మీద వచ్చిన చిత్రాలను ప్రదర్శించి, వాటిని తీసినవాళ్ళను స్మరించుకోవాలని మా శాఖ మిత్రులు నిర్ణయించినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించినవాణ్ణి నేనే. మా తరం రచయితల్లో చాలామంది కార్మికుణ్ణి ఫ్యాక్టరీలో కంటే ముందు తెరమీద చూశారు. ఆ రుణం తీర్చుకోవడానికి ఇదొక అవకాశం అనుకున్నాను. ఐతే ఆ మూడు సాయంత్రాలు ముగిసేసరికి, తీర్చుకోవలసిన రుణం ఇంకొకటి మిగిలే ఉందని తెలిసింది. దాని గురించే ఈ వ్యాసం.

మేం ఎంచుకున్న చిత్రాలు మూడు: 'మనుషులు మారాలి' (1969), 'ఎర్ర మల్లెలు' (1981), 'మట్టి మనుషులు' (1990). ప్రదర్శన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న హాల్లో. గోడకు తెల్లగుడ్డ, అద్దెకు తెచ్చిన ప్రొజెక్టరు. ఈ ప్రాంతానికి సినిమా కొత్తది కాదు. కోణార్క్, వెంకటాద్రి, రాజధాని అన్న పేర్లు ఇక్కడి జనానికి బస్టాపుల పేర్లంత పరిచయం. మా ప్రేక్షకుల్లో సగానికి పైగా ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటూ ఇక్కడి హాస్టళ్ళలో ఉంటున్న యువకులు. మిగిలినవాళ్ళు రచయితలు, ఉపాధ్యాయులు. వీళ్ళు గాక, చివరి వరుసల్లో పదిమంది దాకా అడ్డా కూలీలు.

ఈ అడ్డా గురించి ఒక మాట చెప్పాలి. నా నివాసం ఎల్బీ నగర్. విజయవాడ వైపు నుంచీ, నాగార్జునసాగర్ వైపు నుంచీ బస్సెక్కినవాళ్ళు నగరంలో మొదట అడుగు పెట్టేది ఇక్కడే. తెల్లవారి పాలకని బయటికి వస్తే రోడ్డు పక్కన టిఫిన్ డబ్బాలు, పారలు, తాపీలు పట్టుకుని నిలబడ్డ మనుషులు కనిపిస్తారు. నల్లగొండ, దేవరకొండ, పాలమూరు మాటలు కలగలిసి వినిపిస్తాయి. మోటారు సైకిలు మీద ఒక మేస్త్రీ వచ్చి ఆగితే ఇరవైమంది చుట్టుముడతారు. నలుగురికి పని దొరుకుతుంది. తొమ్మిది దాటితే మిగిలినవాళ్ళు తిరిగి గుడిసెలకు పోతారు. 2018లో ఎల్బీ నగర్ దాకా వచ్చిన మెట్రో స్తంభాల కిందనే ఈ మనుషుల సంత రోజూ జరుగుతుంది. మా మిత్రుడొకరు వాళ్ళ దగ్గరికి వెళ్ళి "మీ మీద తీసిన సినిమాలు, రండి" అని పిలిచారు. వచ్చారు.

మొదటి రోజు 'మనుషులు మారాలి' అయిపోయాక చర్చ పెట్టాం. విద్యార్థులు శారద నటన గురించి మాట్లాడారు. నేను శ్రీశ్రీ పాట గురించి మాట్లాడాను. అప్పుడు వెనక వరుసలోంచి ఒక నడివయసు స్త్రీ, ఇటుకలు మోసి మోసి అరచేతులు కాయలు కాసిన మనిషి, లేచి నిలబడింది.

"సారూ, గంతమంది ఒక్క మాట మీదికి ఎట్లొచ్చిండ్రు? గది సూపియ్యలే."

నేను ఏదో సమాధానం చెప్పాను. ఏం చెప్పానో ఇప్పుడు గుర్తు లేదు. గుర్తుండదగ్గది కాదు గనక. నలభై ఏళ్ళకు పైగా సినిమా మీద, సాహిత్యం మీద రాస్తూ వచ్చిన నాకు ఆ ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు. కార్మిక చిత్రం ముగింపులో జెండా లేచిందా లేదా అని చూశాను. యజమాని దుర్మార్గం సరిగ్గా చూపారా లేదా అని చూశాను. భయస్థులు, అప్పులవాళ్ళు, పిల్లలు గలవాళ్ళు, ఒకరినొకరు నమ్మని మనుషులు ఒక్క మాట మీదికి ఎట్లా వచ్చారని చూడలేదు. ఆమెకు కావలసింది సరిగ్గా అదే. ఎందుకంటే, పొద్దున్నే ఆమె నిలబడే చోట అది తప్ప మరో సమస్య లేదు.

2

సినిమా పుట్టిందే కార్మికులతో. 1895లో ఫ్రాన్సులోని లియాన్ పట్టణంలో లూమియేర్ సోదరులు తీసిన మొట్టమొదటి చిత్రాల్లో ఒకటి, వాళ్ళ సొంత ఫ్యాక్టరీ నుంచి కార్మికులు బయటికి వస్తున్న దృశ్యం. నిమిషం కూడా లేని చిత్రం. తలుపులు తెరుచుకుంటాయి, స్త్రీలు, పురుషులు గుంపుగా బయటికి వచ్చి చెరో దిక్కు వెళ్ళిపోతారు. కెమెరా యజమానిది, గేటు యజమానిది, బయటికి వస్తున్న మనుషులూ యజమాని జీతగాళ్ళే.

ఈ చిన్న చిత్రంలో ఆ తర్వాతి నూరేళ్ళ కార్మిక చిత్రాల లక్షణం ఒకటి దాగి ఉంది. కెమెరా గేటు బయటే ఆగిపోయింది. లోపల జరిగే పని కనిపించదు. బయటికి వచ్చినవాళ్ళు టీ బంకు దగ్గర ఏం మాట్లాడుకుంటారో వినిపించదు. కార్మికుడు కార్మికుడయ్యేది ఆ పనిలో. కార్మికులు వర్గమయ్యేది ఆ మాటల్లో. ఈ రెండూ వదిలేస్తే మిగిలేది గుంపు. గుంపుకు ఒక నాయకుడు కావాలి. ఆ నాయకుడు మన సినిమాల్లో హీరో అయ్యాడు.

ఇది శిల్పానికి సంబంధించిన లోపమని కొందరనవచ్చు. కాదు, ఇది దృక్పథానికి సంబంధించింది. ఒక నిర్ణయం ఎక్కడ పుడుతుందని కళాకారుడు నమ్ముతాడో అక్కడే కెమెరా పెడతాడు. ఒక మనిషి గుండెలో పుడుతుందని నమ్మితే ఆ మనిషి ముఖం మీద పెడతాడు. పదిమంది మధ్య, తగాదాల్లోంచి, అనుమానాల్లోంచి పుడుతుందని నమ్మితే ఆ పదిమంది మధ్య కూర్చోబెడతాడు.

3

తెలుగు సినిమా శ్రమజీవిని పట్టించుకోలేదని ఎవరన్నా అంటే అది అబద్ధం. గూడవల్లి రామబ్రహ్మం 1939లోనే 'రైతుబిడ్డ' తీసి జమీందార్ల ఆగ్రహానికి గురయ్యాడు. ఆ చిత్రం తీసిన సారథి సంస్థలో పెట్టుబడి చల్లపల్లి జమీందారుది కావడం మన సినిమా చరిత్రలోని వైరుధ్యాల్లో ఒకటి. 1955లో తాపీ చాణక్య 'రోజులు మారాయి' తీసే నాటికి రైతు కథానాయకుడు కావడం ప్రేక్షకులకు వింతగా తోచలేదు. ఐతే ఈ రెండూ పల్లె కథలు, భూమి కథలు. పట్నం కార్మికుడు కథకు కేంద్రంగా నిలబడి, తెలుగు ప్రేక్షకుణ్ణి కుదిపి వదిలిన చిత్రమంటే 'మనుషులు మారాలి' పేరే చెప్పుకోవాలి.

ఆ కథ కేరళ నుంచి వచ్చింది. తోప్పిల్ భాసి రాసిన 'తులాభారం' మొదట నాటకం. దాన్ని ఆడిన కె.పి.ఎ.సి. కమ్యూనిస్టు ఉద్యమంతో పెరిగిన నాటక సంస్థ. 1968లో ఎ. విన్సెంట్ దాన్ని మలయాళంలో చిత్రంగా తీశాడు. శారదకు ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం తెచ్చింది ఆ చిత్రమే. మరుసటేడు వి. మధుసూదనరావు తెలుగులో తీశాడు. శోభన్‌బాబు కార్మిక నాయకుడు. అతన్ని చంపేస్తారు. దిక్కులేని భార్య ఆకలికి తాళలేక కన్నబిడ్డల్ని తన చేతుల్తోనే చంపుకొని కోర్టులో నిలబడుతుంది. నేరం ఎవరిదన్న ప్రశ్న ఆమె బోనులోంచి లేచి సమాజాన్ని బోనులో నిలబెడుతుంది.

ఈ ప్రశ్న వేసినందుకు ఆ చిత్రాన్ని ఈనాటికీ గౌరవించాలి. పేదరికం తలరాత కాదని, దానికి కర్తలున్నారని లక్షలాది మంది మామూలు ప్రేక్షకుల చేత ఏడుస్తూనే ఒప్పించిన చిత్రం అది. మా హాల్లో పరీక్షలకు చదువుకుంటున్న పిల్లలు కూడా కళ్ళు తుడుచుకున్నారు. కాని కథ నడిచిన దారి చూడండి. తగాదా ఫ్యాక్టరీలో మొదలైంది, కోర్టులో ముగిసింది. సమష్టిగా మొదలైంది, ఒంటరిగా ముగిసింది. నాయకుడు చనిపోగానే సంఘం కథలోంచి జారిపోయింది. ఆ తల్లి తలుపు తట్టిన కార్మికుడు ఒక్కడూ లేడా? ఒక పూట బియ్యం పోగుచేసిన వాడ ఏమైంది? నిజ జీవితంలో సమ్మె జరిగిన చోటల్లా మొట్టమొదట పుట్టేది బియ్యం పోగుచేసే కమిటీ. దాన్ని తీసేస్తే గాని ఆ విషాదం పండదు. అంటే కన్నీటి కోసం సంఘాన్ని బలిపెట్టారు. ఆమె అడిగిన ప్రశ్నకు మూలం ఇక్కడుంది.

4

రెండో రోజు 'ఎర్ర మల్లెలు'. దీని విషయంలో నేను ఆత్మవిమర్శ చేసుకోవాలి. 1981లో ఆ చిత్రం వచ్చినప్పుడు నేను కుర్రవాణ్ణి. ఒక చిన్న పత్రికలో దాన్ని ఆకాశానికెత్తుతూ రాశాను. ఆ పొగడ్తలో కొంత న్యాయముంది. మాదాల రంగారావు ఒంగోలు ప్రాంతం మనిషి, ప్రజానాట్యమండలి వేదికల మీద పెరిగినవాడు. 'యువతరం కదిలింది' (1980), 'ఎర్ర మల్లెలు', 'విప్లవ శంఖం' (1982) వంటి చిత్రాలను నవతరం పిక్చర్స్ పేరుమీద తీసి, పెద్ద నటుల అండ లేకుండా, డ్యూయెట్ల మీద ఆధారపడకుండా రాజకీయ చిత్రం ఆడుతుందని రుజువు చేశాడు. దోపిడి, కూలి, సంఘం, హక్కు అన్న మాటలు కరపత్రాల్లోంచి నేల టికెట్టు దాకా వచ్చాయంటే ఆ గౌరవం ఆయనకూ దర్శకుడు ధవళ సత్యానికీ దక్కాలి. అదే నేల నుంచి వచ్చిన టి. కృష్ణ 1983లో 'నేటి భారతం' తీశాడు. 1986లో చనిపోయేలోగా నాలుగైదు చిత్రాలతోనే తన ముద్ర వేశాడు. 'అర్ధరాత్రి స్వతంత్రం' (1986) నుంచి ఆర్. నారాయణమూర్తి ఆ బాట వదలకుండా ఒంటెద్దులా బండి లాగుతూనే ఉన్నాడు.

ఇవన్నీ కాదనలేని విషయాలు. ఐతే ఇప్పుడు మళ్ళీ చూస్తే ఆ నాటి నా వ్యాసంలో లేనిదొకటి కనిపించింది. ఆ తరహా చిత్రాల్లో సభలు చాలా ఉన్నాయి, చర్చ లేదు. నాయకుడు మాట్లాడతాడు, జనం "అవును" అంటారు. జనంలో ఒకడు లేచి "నా కూతురి పెళ్ళి వచ్చే నెల, సమ్మె ఇప్పుడు వద్దు" అన్నాడా, వాడు ద్రోహి అయినా కావాలి, తర్వాతి రీలులో పశ్చాత్తాప పడనైనా పడాలి. వాడు చెప్పింది నిజమే కావచ్చునన్న అవకాశం ఆ చిత్రాల్లో ఉండదు. కార్మికుల్లోని వైరుధ్యాలను తెరమీద పెడితే శత్రువుకు అలుసవుతామన్న భయం మనది. నేను కూడా ఆ భయంతోనే రాశాను.

దాని ఫలితం పదేళ్ళకు కనిపించింది. ప్రసంగం, పిడికిలి, వెనక గుంపు అన్న రూపం తయారైపోయాక దాన్ని ఎవరైనా అద్దెకు తీసుకోవచ్చు. 1992లో వచ్చిన 'ఘరానా మొగుడు' చూడండి. హీరో ఓడరేవు కూలీ, తర్వాత ఫ్యాక్టరీలో కార్మికుల పక్షాన నిలిచినవాడు. యజమాని పొగరుబోతు యువతి. కార్మికులకూ యాజమాన్యానికీ మధ్య ఉన్న వైరుధ్యం అక్కడ పెళ్ళితో మొగుడూ పెళ్ళాల తగువుగా మారిపోయింది. ఆమె పొగరు అణిగితే కార్మికుల సమస్య తీరినట్టే! వర్గ పోరాటం స్థానంలో మగ పెత్తనం కూర్చుంది. జనం కేరింతలు కొట్టారు. దర్శకుణ్ణి తిట్టి లాభం లేదు. వేదిక మీద ఒక్కడే మాట్లాడే అలవాటు మనమే చేశాం. ఆ ఒక్కడి స్థానంలోకి ఎవరు వచ్చినా వేదిక వేదికే.

5

దీనికి భిన్నమైన మార్గం తెలుగులో లేదా? ఉంది. దాన్ని మనం కళాత్మక చిత్రాల గదిలో పెట్టి తాళం వేశాం.

గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన 'మా భూమి' 1980లో విడుదలైంది. కిషన్ చందర్ ఉర్దూ నవల దానికి ఆధారం. అందులో సాయిచంద్ పోషించిన రామయ్య పుట్టు వీరుడు కాదు. దొర గడిలో అవమానపడి, ఊరు విడిచి హైదరాబాదు చేరి, ఇక్కడి కార్మికుల సాంగత్యంలో చదువూ రాజకీయమూ నేర్చి, తిరిగి వెళ్ళి సంఘంలో కలుస్తాడు. అంటే చైతన్యం ఒకచోటి నుంచి ఇంకొకచోటికి ఎట్లా ప్రయాణం చేసిందో చిత్రం చూపింది. ఆ ప్రయాణం మధ్యలో మన నగరపు కార్మికుడున్నాడు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఈ నగర కార్మికుల పాత్రను గుర్తుచేసే చిత్రాలు ఎన్ని ఉన్నాయి?

అంతకు ముందే, 1977లో, మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ కథ 'కఫన్' ఆధారంగా తెలుగులో 'ఒక ఊరి కథ' తీశాడు. అందులోని తండ్రీకొడుకులు పని చెయ్యరు. ఎంత చేసినా ఫలితం పెత్తందారుకే పోతుందని గ్రహించి, చెయ్యకపోవడమే తెలివి అనుకుంటారు. కాని ఆ తెలివి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క శ్రామికురాలిని, నిండు చూలాలైన కోడలిని, బలి తీసుకుంటుంది. సంఘం లేని తిరుగుబాటు ఎట్లా తనవాళ్ళనే కాటేస్తుందో దీనికంటే క్రూరంగా చెప్పిన చిత్రం మన భాషలో లేదు.

నర్సింగరావు తర్వాత తీసిన 'దాసి' (1988) గడిలోని ఆడబాపల వెట్టిని చూపింది. అర్చనకు జాతీయ పురస్కారం వచ్చింది. అందులో ఊడ్వడం, తోడడం, మొయ్యడం, కాళ్ళు పట్టడం అన్నవి కథ మధ్య వచ్చే నింపుడు దృశ్యాలు కావు; అవే కథ. ఆ దృష్టి నుంచే 'మట్టి మనుషులు' పుట్టింది. పల్లె విడిచి నగరానికి వచ్చి, భవనాలు కట్టే పనిలో చేరి, ఆ భవనాల్లో ఏ ఒక్క గదీ తమది కాని మనుషుల బతుకు అది. ముఖ్యంగా స్త్రీల బతుకు. 1991లో మాస్కో చిత్రోత్సవంలో దానికి గౌరవం దక్కింది. ఇక్కడ మాత్రం, ఆ మనుషులే కట్టిన కాలనీల్లో ఉంటున్న మనలో చాలామంది ఆ చిత్రం చూడనైనా లేదు.

మూడో రోజు మా హాల్లో ఆ చిత్రం నడుస్తున్నంతసేపు వెనక వరుసలు కదల్లేదు. మొదటి రోజు కేకలు వేసిన విద్యార్థులు కొంత విసుగు పడ్డారు. అడ్డా మనుషులు విసుగు పడలేదు. ఆమె కూడా వచ్చింది. అయిపోయాక "ఇది మా బొమ్మనే" అన్నది. కాసేపాగి, "కని ఇండ్ల కూడ మాట్లాడుకునుడు లేదు" అన్నది.

అదీ నిజమే. 'మట్టి మనుషులు' పనిని చూపింది, ఒంటరితనాన్ని చూపింది. ఉన్నదాన్ని ఉన్నట్టు చూపిన నిజాయితీ అది. కాని ఉన్నదాంట్లో ఇంకా పైకి తేలని కదలిక కూడా ఒక భాగమే. దాన్ని పట్టుకోవడం మిగిలిపోయింది. ఒకవైపు పని లేని పోరాటం, మరొకవైపు పోరాటం లేని పని. మన కార్మిక చిత్రం ఈ రెండు ఒడ్ల మధ్య వంతెన కట్టలేదు.

6

వంతెన కట్టడం సాధ్యమా? ప్రపంచ సినిమాలో రెండు ఉదాహరణలు చెబుతాను.

ఐసెన్‌స్టీన్ 1925లో తీసిన 'స్ట్రైక్'. దొంగతనం నిందపడిన ఒక కార్మికుడు ఆత్మహత్య చేసుకోవడంతో ఫ్యాక్టరీ ఆగిపోతుంది. ఐతే దానికి ముందే కార్మికులు రహస్యంగా, ఎక్కడెక్కడో చేరి మాట్లాడుకోవడం చూస్తాం. ఫ్యాక్టరీ ఆగాక సంబరం చూస్తాం. ఆ పిమ్మట దర్శకుడు మనల్ని వదలడు. సమ్మె సాగుతూ పోతుంది. ఇళ్ళలో సామాన్లు అమ్ముకుంటారు. ఆకలికి మొగుడూ పెళ్ళాలు కొట్లాడుకుంటారు. ఎవరి మీదా నింద లేదు. చివరికి ఆ సమ్మె రక్తంలో అణిగిపోతుంది. ఓడిన సమ్మెను చూపి కూడా ప్రేక్షకుణ్ణి ధైర్యవంతుణ్ణి చెయ్యవచ్చునని నూరేళ్ళు దాటిన ఆ మూగ చిత్రం నేర్పుతుంది.

రెండోది 'సాల్ట్ ఆఫ్ ది ఎర్త్' (1954). అమెరికాలోని న్యూ మెక్సికోలో 1950 నుంచి 1952 దాకా జింకు గని కార్మికులు చేసిన సమ్మె దానికి ఆధారం. దర్శకుడు హెర్బర్ట్ బైబర్‌మన్ కమ్యూనిస్టు వ్యతిరేక వేటలో జైలుకు వెళ్ళి వచ్చినవాడు. కథానాయకుడి పాత్ర వేసింది ఆ సంఘం అధ్యక్షుడే. కథానాయిక రోసౌరా రెవుయెల్టాస్‌ను చిత్రీకరణ మధ్యలో దేశం నుంచి పంపేశారు. సినిమా పూర్తయ్యాక దాన్ని వేసే థియేటర్లు దొరకడమే కష్టమైంది.

ఆ చిత్రంలో ఒక ఘట్టం ఉంది. సమ్మెలో ఉన్న కార్మికులు గేటు దగ్గర నిలబడగూడదని కోర్టు ఉత్తర్వు వస్తుంది. నిలబడితే జైలు, తప్పుకుంటే ఓటమి. అప్పుడు ఆడవాళ్ళు లేస్తారు: ఉత్తర్వు కార్మికుల మీదే గదా, మేం కార్మికులం కాదు గదా, మేం నిలబడతాం! మగవాళ్ళు ఒప్పుకోరు. వాదన జరుగుతుంది. అసలు ఆడవాళ్ళకు ఓటుందా అన్నదే మొదటి తగువు. దాన్ని తేల్చుకోవడానికి సంఘం సభను వాడ మొత్తానికి సభగా మారుస్తారు. ఓటింగు జరుగుతుంది. ఆడవాళ్ళు గెలుస్తారు. మరునాటి నుంచి మగవాళ్ళు ఇంటి దగ్గర నీళ్ళు మోసి, కట్టెలు కొట్టి, పిల్లలను చూసుకుంటారు. కోర్కెల పత్రంలోంచి తాము కొట్టేసిన నీటి వసతి ఎందుకు ముఖ్యమో అప్పుడు గాని వాళ్ళకు అర్థం కాదు.

ఒక్క మాట మీదికి ఎట్లా వచ్చారన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి సమాధానం తెరమీద నేను చూడలేదు. ఆ మాట నాయకుడి నోట్లోంచి ఊడిపడలేదు. వాళ్ళలో వాళ్ళకు ఉన్న అసమానతతో పోరాడి సంపాదించుకున్నారు.

చర్చ చూపిస్తే మనవాళ్ళు చూడరని సినిమా మిత్రులు అంటారు. నేనొప్పుకోను. తెలుగు ప్రేక్షకుడికి కోర్టు సీను అంటే ప్రాణం. 'మనుషులు మారాలి'లో జనాన్ని కట్టిపడేసింది కోర్టే. రచ్చబండ తీర్పు లేని పల్లె సినిమా ఉందా? ఇరుపక్షాల వాదనా ఊపిరి బిగబట్టి వినే ప్రేక్షకుడు, అది సంఘం ఆఫీసులో జరిగితే మాత్రం లేచిపోతాడా? పోడు. మనమే అక్కడ రెండో పక్షానికి మాట ఇవ్వలేదు.

7

ఈ సంగతి ఇప్పుడెందుకు ఎత్తుకోవలసి వచ్చిందంటే, ఇవాళ తెరమీద కార్మికుడి బొమ్మకు గిరాకీ మళ్ళీ పెరిగింది. 2023లో 'దసరా' బొగ్గు ఊరిని చూపింది. అందరి ముఖాల మీదా బొగ్గు మసి ఉంది. బొగ్గు తవ్వే పని కథలో లేదు. 2019లో వచ్చిన 'మల్లేశం' దీనికంటే ఎన్నో రెట్లు మంచి చిత్రం. ఆసు పోసే తల్లి భుజం నొప్పిని అంత శ్రద్ధగా చూపిన మరో తెలుగు చిత్రం లేదు. చింతకింది మల్లేశం సాధించినది నిజమైన ఘనత. దాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఐతే చేనేత బతుకులో యంత్రం తీర్చగలిగింది భుజం నొప్పి. నూలు ధర, షావుకారు లెక్క, మగ్గం మీద అప్పు యంత్రంతో తీరేవి కావు. నేతవాళ్ళు సంఘం పెట్టుకునే ప్రయత్నాన్ని తమిళంలో ప్రియదర్శన్ 'కాంచీవరం'లో చూపాడు. మన పోచంపల్లి వైపు ఆ కథ ఇంకా బాకీ ఉంది.

అన్నిటికంటే పెద్ద ఉదాహరణ 2025 ఆగస్టులో జరిగింది. తెలుగు చలనచిత్ర కార్మికుల సంఘాల సమాఖ్య 30 శాతం కూలి పెంపు కోరుతూ ఆ నెల 4న పని ఆపింది. లైట్లు మోసేవాళ్ళు, సెట్లు వేసేవాళ్ళు, వంటవాళ్ళు, డ్రైవర్లు, నృత్య బృందాలు అందరూ ఆగారు. రెండు వారాలు దాటాక, కార్మిక శాఖ మధ్యవర్తిత్వంలో, మూడేళ్ళలో 22.5 శాతం పెంపు అన్న ఒప్పందంతో సమ్మె ముగిసింది. ఆ సమ్మె నడుస్తుండగానే, ఆగస్టు 14న, మన థియేటర్లలో విడుదలైన రజనీకాంత్ చిత్రం పేరు 'కూలీ'! తెరమీది కూలీకి పాలాభిషేకాలు. తెర వెనక కూలీలు సమ్మెలో. ఈ సమ్మె మీద ఒక కథ గానీ, నాటిక గానీ, లఘు చిత్రం గానీ ఎవరైనా తలపెట్టారా? ముప్ఫై అడిగినవాళ్ళు ఇరవై రెండున్నర దగ్గర ఎందుకు ఆగారు, ఆ రాత్రి వాళ్ళలో వాళ్ళు ఏం అనుకున్నారు, ఎవరు వద్దన్నారు, ఎవరు చాలన్నారు? సినిమా తీయడానికి కావలసిన మనుషులందరూ ఉన్న సమ్మె అది!

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఇప్పుడు ఏ పరిశ్రమలో సమ్మె చెయ్యాలన్నా పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇదివరకు ప్రజోపయోగ సేవలకే ఇలాంటి నిబంధన ఉండేది. ఆ పద్నాలుగు రోజుల్లో బెదిరింపులు వస్తాయి, బేరాలు వస్తాయి, చీలికలు వస్తాయి. అంటే ఒక్క మాట మీదికి రావడమూ, వచ్చాక దాని మీద నిలబడడమూ ఇదివరకటి కంటే కష్టం. మన కళ ఇన్నాళ్ళూ వదిలేసిన ఘట్టమే రేపటి ఉద్యమానికి ప్రాణం కాబోతున్నది. అందుకే ఇది కేవలం సినిమా చర్చ కాదంటున్నాను.

8

ఆమె ప్రశ్నకు సమాధానం ఆమె దగ్గరే ఉంది. మూడో రోజు హాలు బయట టీ తాగుతూ అడిగాను: "అమ్మా, మీ అడ్డాల ఎప్పుడన్నా అందరు ఒక్క మాట మీదికి వచ్చిండ్రా?"

"ఒక్కసారి వచ్చినం సారూ," అన్నది. ఒక వానాకాలం, మేస్త్రీలు కూలి తగ్గించి అడగడం మొదలుపెట్టారట. ఆడవాళ్ళకైతే ఇంకా తక్కువ. గుడిసెల దగ్గర బోరింగు కాడ నీళ్ళు పట్టుకుంటూ నలుగురు ఆడవాళ్ళు మొదట మాట్లాడుకున్నారు. మగవాళ్ళు నవ్వారు. రెండు రాత్రులు వాదులాడుకుని, మూడో పొద్దున పాత కూలికి తక్కువైతే ఎవరం బండి ఎక్కొద్దు అనుకున్నారు. మొదటి రోజు ఎవరూ ఎక్కలేదు. రెండో రోజు ముగ్గురు ఎక్కారు.

"కొట్టిండ్రా వాళ్ళను?" అని అడిగాను. నా తలలో ఉన్నది సినిమా గదా.

"ఎందుకు కొడ్తం సారూ? ఒకామె బిడ్డ దవఖాన్ల ఉండె. మాపటీలి పోయి అడిగినం, ఎన్ని పైసలు కావాల్నని. తలా ఇంత ఏసినం. తెల్లారి ఆమె ఎక్కలే. నాలుగో దినం మేస్త్రీలే దిగొచ్చిండ్రు."

ఇందులో ప్రసంగం లేదు. పిడికిలి లేదు. నాయకుడు కూడా లేడు. అయినా ఒక చిత్రానికి కావలసినదంతా ఉంది: పని ఉంది, భయం ఉంది, ఆడా మగా తేడా ఉంది, చీలిక ఉంది, ఆ చీలికను పూడ్చిన తలా ఇంత ఉంది. 'మనుషులు మారాలి'లో ఆ తల్లికి దొరకని తలా ఇంత ఇదే. ఈ కథ మా ఇంటికి ఫర్లాంగు దూరంలో జరిగింది. నేను ఆ దారినే పాలకు పోతుంటాను. నాకు తెలియలేదు.

కార్మిక చిత్రాలను గౌరవించుకుందాం, తప్పదు. ఐతే పూలదండ వేసి దండం పెట్టడంతో గౌరవం పూర్తికాదు. గూడవల్లి నుంచి నర్సింగరావు దాకా, మాదాల నుంచి నారాయణమూర్తి దాకా వాళ్ళు ఎంతవరకు వచ్చారో చూసి, ఎక్కడ ఆగారో చెప్పి, అక్కడి నుంచి మనం నడవాలి. ఇది సినిమా వాళ్ళ పని మాత్రమే కాదు. వాళ్ళకు కథలిచ్చే మనం, మన కథల్లో, నవలల్లో, నాటికల్లో సమ్మె ముందటి రెండు రాత్రులను రాశామా? నేను రాయలేదు. రాసినవాళ్ళు ఉంటే ఆ రచనలను వెతికి ఈ పత్రికలోనే చర్చకు పెడదాం. లేకుంటే రాయడం మొదలుపెడదాం.

వచ్చే మేడేకు మళ్ళీ చిత్ర ప్రదర్శన పెడతాం. ఆమెను మళ్ళీ పిలుస్తాం. ఈసారి ఆమె వెనక వరుసలో కూర్చోదు. ఏ చిత్రాలు వెయ్యాలో నిర్ణయించే సమావేశంలో మాతోపాటు కూర్చుంటుంది. అక్కడ మేం ఒక్క మాట మీదికి ఎట్లా వస్తామో చూడాలి.